బియ్యానికి బదులు జొన్నలు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, కర్నూలుకు పడమటనున్న ఒక మండలంలో పౌర సరఫరాల డిప్యూటీ తహశీల్దారుగా చేరాను. కార్డు బియ్యం పక్కదారి పట్టకుండా చూడడం నా పని. పట్టుబడిన సరుకును స్వాధీనం చేసుకొని, సాక్షుల ముందు పంచనామా రాసి తహశీల్దారుకు పంపాలి. ఇంటివాళ్లే అమ్ముకున్నారని తేలితే వాళ్ల కార్డు నిలిపివేస్తారు.

చేరిన మూడో వారంలో ఈరన్న అనే చిల్లర వ్యాపారి అంగడికి తనిఖీకి పోయాను. ఖాసీంబీ అనే కూలి మనిషి అప్పుడే తన కార్డు బియ్యం తక్కెడలో పోయించి, బదులుగా జొన్నలు సంచిలో నింపుకుంటోంది. అలవాటు ప్రకారం ‘కార్డు బియ్యం అమ్మినట్లు ఒప్పుకున్నారు’ అని రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయమన్నాను. ఆమె చేయి వెనక్కు తీసుకుంది.

“నేను అమ్ముకోల్యా సారూ, మార్చుకున్నా. మా ఇంటాయనకు షుగరు శానా ఉండాది. అన్నం తగ్గించి రొట్టె తినమని ఆస్పత్రిలో చెప్పినారు. కార్డుకు జొన్నలే ఇస్తే ఈడికెందుకొస్తా?”

ఈరన్నకు పని త్వరగా తెమిలితే చాలు. “వేలు పెట్టేయ్ ఖాసీమక్కా! సారు పొద్దన్నుంచి టీ కూడా తాగల్యా.”

“టీ నువ్వు తాపప్పా. లేని మాటకు నేనెట్ల పెడతా వేలు?”

మా లెక్కలో మార్చుకోవడమూ తప్పే. అయినా ఆమె అననిది రాశానన్నది నిజం. ఆ కాగితం కొట్టివేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, ఆస్పత్రి చీటీ నకలు జతచేశాను. అప్పుడు వేలిముద్ర వేసింది.

తహశీల్దారు రెండుసార్లు చదివి, ఆమెను హెచ్చరించి వదిలేశారు. ఈరన్న మీద కేసు మామూలుగానే నడిచింది. దాంతో ఆ ఊళ్లో ఏ అంగడివాడూ కార్డు బియ్యం ముట్టలేదు.

మరుసటి నెల ఇంటింటి విచారణలో ఖాసీంబీ ఇంటికి పోయాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రొట్టెలు మానేశారా అని అడిగాను.

“మీరు కార్డు పోకుండా నిలబెట్టిరి, ఈరన్న అంగట్లో మార్పు నిలిపేస్తిరి. జొన్నలు కొనే శక్తి యాడుండాది సారూ? మా ఇంటాయన కూడా ఇదే తింటాండాడు.”

అన్నేళ్ల సర్వీసులో బియ్యం ఎక్కడికి పోయాయని వెతికానే గాని, వాటి బదులు ఇంట్లోకి ఏం వచ్చిందని ఎవరినీ అడగలేదు. మిగిలిన రెండేళ్లూ ప్రతి పంచనామాలో ఆ సంగతి కూడా రాయించాను. నియమం అలాగే ఉంది. కార్డు నిలిపేయాలో వద్దో తేల్చే అధికారి మాత్రం ముందు ఆ వాక్యం చదవాల్సి వచ్చేది.