ఖాళీ ట్రాక్టర్ బరువు

2019 వానాకాలం పంట కోతలప్పుడు నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఇంటర్నల్ ఆడిటర్‌ని. బయటి ఆడిటర్ ఏడాదికోసారి వచ్చి టీ తాగి సంతకం పెట్టి పోతాడు. నేను మాత్రం రోజూ ఉండి, లోపలివాళ్లు మిల్లును ముంచకుండా చూడాలి. గౌరవంగా చెబితే ఫ్రాడ్ కంట్రోల్, ఉన్నమాట చెబితే కాపలా.

వడ్ల ట్రాక్టర్‌ను కాటా మీద రెండుసార్లు తూస్తారు, నిండుగా ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి. ఖాళీ బండి బరువును టేర్ అంటారు. నిండు బరువులోంచి టేర్ తీసేస్తే వడ్ల బరువు వస్తుంది. కోతలు ముమ్మరమైతే మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి, రెండోసారి వరసలో నిలబడమంటే డ్రైవర్లు తిడతారు. అందుకని రోజూ వచ్చే బండ్ల టేర్ ఒక కాగితం మీద రాసి కాటా గదిలో అంటించి, ఖాళీ బండ్లను తూయకుండా దాన్నే వాడమన్నాను. ఆ తెలివి నాదే, కింద సంతకమూ నాదే.

నవంబరు చివరికి తేడా కొట్టింది. కొన్న వడ్లకు రావలసినన్ని బియ్యం రావడం లేదు. తేమ ఎక్కువేమో అనుకున్నాం, డ్రయ్యర్‌ను అనుమానించాం, చివరికి హమాలీల సంచులు కూడా వెతికించాను, ఆ సిగ్గు వేరే. ఎవరినడిగినా నాకేం తెలియదనే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

ఒక మధ్యాహ్నం నిడమనూరు వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్‌ను దించాక ఆపి, ఖాళీగా కాటా ఎక్కించాను. కాగితంలో ఉన్నదానికంటే మూడు క్వింటాళ్లు ఎక్కువ తూగింది. అంటే ఆ బండి వచ్చినప్పుడల్లా, రాని వడ్లు మూడు క్వింటాళ్లు కొంటున్నామన్నమాట. అలాంటి బండ్లు నాలుగు తేలాయి. నాలుగూ యజమాని బావమరిదివే, మిల్లులో కొనుగోళ్లు చూసేదీ ఆయనే. పాత కాగితం వానకు తడిసిందని కొత్తది రాసి తెచ్చిందీ ఆయనే. బయట హారన్లు మోగుతుంటే చదవకుండా సంతకం పెట్టింది నేను.

కాటా ఆపరేటర్ సైదులును పిలిచాను. పదకొండేళ్ల నుంచి ఆ గదిలోనే ఉన్నాడు. అతను గొంతు పెంచలేదు.

“కొత్త కాయితం వచ్చిన్నాడే చెప్పిన గద సార్, గీ నాలుగు బండ్లకు తక్వ రాసున్నదని. జర లైన్ ఖతం కానియ్, తర్వాత సూద్దామన్నరు.”

నిజమే, అలాగే అన్నాను. ఆ తర్వాత చూడలేదు.

యజమానికి అంతా చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“రిపోర్టుల ఎవలదో ఒక పేరుండాలె. ఇంటి మనిషి పేరు రాస్తే నేను ఇంటికెట్ల పోవాలె? సంతకం గూడ నీదే గద, ఆలోచన చేస్కో.”

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, పట్టి వదిలేశాను. ‘కాటా ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల’ అని రాశాను. నా ఉద్యోగం నిలిచింది, సైదులుది పోయింది. వెళ్లేముందు అతను నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

“పనైతే పాయె సార్. దొంగ కాదని ఒక్క కాయితం రాసియ్యుండ్రి, ఇంకో మిల్లుల సూసుకుంట.”

యజమానినడిగి ఇస్తానన్నాను. అడగలేదు. మిల్లులవాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకునే ఊరది, మళ్లీ ఏ కాటా గదిలోకీ అతన్ని రానివ్వలేదు.

నాకు మాత్రం దొంగల్ని పట్టేవాడినని పేరొచ్చింది. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ మిల్లులవాళ్లు పిలిచి సిబ్బందికి పాఠం చెప్పించుకుంటారు. టేర్ కాగితాలు వద్దు, ఎంత రద్దీ అయినా ఖాళీ బండిని తూయాల్సిందే, చదవకుండా సంతకం పెట్టొద్దు అని చెబుతాను. ఆ కేసు నాకు నేర్పింది అదేనంటాను.

పోయిన ఏడాది కోదాడలో పాఠం అయ్యాక, బస్తాలు దించుతున్న హమాలీల్లో సైదులు కనిపించాడు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

“గీడ ఖాళీ బండి గూడ తూస్తున్రు సార్. మంచి రూలు పెట్టిచ్చిన్రు.”

అందులో ఎత్తిపొడుపు లేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. ఆ మిల్లు యజమాని నా పక్కనే నిలబడి ఉన్నాడు. కాటా పని తెలిసిన మనిషి కావాలని పొద్దున్నే నాతో అన్నాడు కూడా. ఈ మనిషి దొంగ కాదు, ఆ సంతకం నాది అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. నేను పాఠానికిచ్చిన డబ్బుల కవరు జేబులో పెట్టుకుని, ఏమీ చెప్పకుండానే బస్సెక్కాను.