గొడ్డు గేదె పంపిన జున్ను

విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. కప్ప గుడ్డు తోకకప్ప ఎలా అవుతుందో, ఆ తోక ఎప్పుడు పోతుందో రంగు సుద్దలతో బోర్డు మీద వేసి చూపిస్తాను. పునరుత్పత్తి పాఠం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మా ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోంచి తొంగిచూసి, ఆ చాప్టర్ కాస్త తొందరగా కానిచ్చేయండి మేడమ్, మిగతాది పిల్లలు ఇంట్లో చదువుకుంటారు అనేసి వెళ్తారు.

సాయంత్రం బస్సెక్కి ఉయ్యూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో దిగితే, అదే పాఠం వీధి పొడుగునా వినిపిస్తుంది. ఎవరి గేదె ఎదకొచ్చింది, ఎవరిది చూడి నిలిచింది, ఎవరిది చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చి తిరగపొర్లింది అని ఆడామగా తేడా లేకుండా గొంతెత్తి మాట్లాడుకుంటారు. గేదెల సంగతిలో ఎవరికీ సిగ్గు లేదు. మనుషుల సంగతిలో కూడా లేదు, ఆ మనిషి కోడలైతే.

ఈ విద్యలో మా అత్తగారే ఊరికి పెద్ద. గేదె అరుపు విని, అది ఏ పూట ఆసుపత్రికి తోలుకెళ్లాలో చెప్పేవారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. ఆవిడ దగ్గర నా జువాలజీ డిగ్రీ ఎందుకూ పనికిరాలేదు, పేడ ఎత్తడానికి కూడా దానితో అవసరం పడలేదు.

మా గేదెకు రెండుసార్లు ఇంజక్షన్ చేయించినా చూడి కట్టలేదు. మూడోసారి మా ఆయన స్వయంగా వెళ్లారు. ఆయనకు ఉయ్యూరులో ఎరువుల కొట్టుంది, ప్రతి బస్తా మీదా తేదీ చూసే అలవాటు. పశువుల ఆసుపత్రి కాంపౌండర్ని నిలబెట్టి, ఆ దున్నపోతు నంబరెంత, దాని తల్లి పూటకెన్ని పాలిచ్చింది, ఆ వీర్యం పాడవకుండా ఉందా లేదా పరీక్ష చేశారా అని సగం పూట ప్రశ్నలు వేశారు. తప్పు గేదెది కాకపోవచ్చు కదండీ అని ఆయన అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఆ మాట మరిచిపోలేదు.

ఎందుకంటే అప్పటికి మా పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. నా రక్తం, నా స్కాన్లు, నా హార్మోన్లు అన్నీ పరీక్షించి డాక్టరమ్మ నాలో ఏ లోపమూ లేదని రాసిచ్చారు. మా ఆయనకు కూడా ఒక పరీక్ష రాసి చీటీ ఇచ్చారు. ఆ చీటీ బండి డిక్కీలో చేరింది. అడిగితే వరినాట్ల సీజన్ అనేవారు, తర్వాత చెరుకు సీజన్ అనేవారు. మరీ గట్టిగా అడిగిన రోజున, మా వంశంలో అలాంటివి లేవు అన్నారు. నాకేమో మంగళగిరి పానకాలు, మంగళవారం ఉపవాసాలు, ఎవరో చెప్పిన పసరు మందు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే ఊరు మాది. నాలో లోపముందని ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు.

మూడో ఇంజక్షన్ తర్వాత మూడు నెలలు దాటాక ఒక తెల్లవారుజామున గేదె అరిచింది. అంతే, చూడి నిలవలేదు, మళ్లీ పొర్లిందని అత్తగారు తేల్చేశారు. చూడి గేదెలు కూడా ఒక్కోసారి అలా అరుస్తాయమ్మా, ఒకసారి తోలుకురండి, చెయ్యి పెట్టి చూస్తాను అని కాంపౌండర్ కబురు పెట్టాడు. నేను కూడా పరీక్ష చేయిద్దామన్నాను. ఆవిడ నా వైపు చూసి, ప్రహరీ అవతలి పిన్నిగారికి కూడా వినపడేలా అన్నారు:

"కొట్టంలో ఒక గొడ్డు, ఇంట్లో ఒక గొడ్డు. ఒకదాన్నైనా వదిలించుకోనివ్వమ్మా."

ఆ మాటకు నేను ఏడ్చాను. మర్నాడు క్లాసులో కప్ప బొమ్మ వేస్తుంటే కూడా కళ్లు నిండాయి, సుద్దపొడి పడిందని చెప్పాను. రెండోదాన్ని వదిలించుకునే ఆలోచన కూడా నడుస్తోందని నాకు తెలుసు. ఈ ఏడాది చూసి, దాన్ని కొన్నాళ్లు పుట్టింట్లో ఉంచి ఆలోచిద్దామని ఆవిడ కొడుకుతో అనడం విన్నాను. ఆయన కాదనలేదు. అవుననీ అనలేదు, టీవీ చూస్తున్నారు.

గేదెను మైలవరం వైపు నుంచి వచ్చిన ఒక రైతు కొనుక్కున్నాడు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పొట్ట నిమిరి, బేరం కూడా ఆడలేదు. ఎంత మర్యాదస్తుడో అని అత్తగారు వారం రోజులు మెచ్చుకున్నారు.

ఆరు నెలలు తిరిగాక అదే మనిషి ఒక క్యాన్ పట్టుకుని పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చాడు. మొన్న రాత్రి గేదె ఈనిందని, పెయ్యదూడ అని, జున్ను పంచకుండా తింటే పాలు నిలవవని జున్నుపాలు తెచ్చానని చెప్పాడు.

"కొనేటప్పుడే అనుమానం వచ్చిందండీ. తీసుకెళ్లి చూపిస్తే అయిదో నెలన్నారు. మీరు పరీక్ష చేయించలేదాండీ?" అన్నాడు.

అత్తగారు క్యాన్ అందుకుని లోపలికి వెళ్లిపోయారు. బెల్లం, మిరియాలు వేసి జున్ను వండారు. అన్నేళ్లలో మొదటిసారి ముందుగా నాకు పెట్టారు. రెండో ముక్క తింటున్న కొడుకును, డాక్టరమ్మ రాసిన చీటీ ఎక్కడుందని అడిగారు. ఆయన ఏ చీటీ అన్నారు.

"పరీక్ష చేయించకుండా గేదెనమ్ముకుని నవ్వులపాలయ్యాను. నువ్వు రేపు బెజవాడ వెళ్లు."

ఆయన వెళ్లారు. వారం తర్వాత రిపోర్టు తెచ్చి, బల్ల మీద బోర్లించి, కొట్టుకు వెళ్లిపోయారు. నేను చదివాను. లోపం ఆయనదే, మందులతో ఆశ ఉందని రాశారు. నాకు ఆనందం వేయలేదు. ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఆయన మీద జాలి కూడా కలిగింది.

అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ లేచి వీధి తలుపు మూసి గడియ పెట్టారు. కిటికీ కూడా వేశారు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

"ఈ మాట గడప దాటకూడదమ్మా. వాడి పరువు పోతుంది."

నేను రిపోర్టు మడిచి బల్ల మీద పెట్టాను.

"నన్ను గొడ్డుదన్నప్పుడు మీరు తలుపు వెయ్యలేదు అత్తయ్యా."

ఆవిడ నా మొహంలోకి చూశారు. ప్రహరీ అవతల పిన్నిగారు బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. అత్తగారు వెళ్లి తలుపు గడియ తీశారు.