నిమిషం టీచరు, క్లచ్ మాస్టారు

ఆ బడిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఒకటో తరగతి పిల్లల నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె నిమిషం టీచరే. నెలకోసారి ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతిలో స్టాప్‌వాచ్ నొక్కి, వాళ్లు మునుపెన్నడూ చూడని పేజీ ఒకటి నిమిషం పాటు పైకి చదివించి, సరిగ్గా చదివిన మాటలెన్నో లెక్కవేస్తుంది. తరగతికి ఇన్ని మాటలని ఒక గీత ఉంది, లెక్క దాని కిందకి వచ్చినవాళ్లను మెట్ల కింద చిన్న గదిలో రోజూ ఒక పీరియడ్ కూర్చోబెట్టి చదవడం నేర్పేదీ ఆమే. అసలు కష్టమంతా ఈ రెండో పనిలో ఉంది. పేరు మాత్రం మొదటి పని మీద వచ్చింది.

ఇవి చాలవన్నట్టు మూడో పని ఒకటి ఆమె నెత్తిన పడింది. ఏడాదికోసారి అన్ని బళ్ల పిల్లలకీ కలిపి పెద్ద పరీక్ష ఒకటి పెడతారు. దాని ఫలితం ఇంటికి వెళ్లిన మర్నాడు బడి గేటు దగ్గర నిలబడలేం. కాగితం మీద నలభై అని ఉంటుంది. నూటికి నలభై మార్కులా అని తల్లులు బావురుమంటారు, తండ్రులు పళ్లు నూరుతారు. అది మార్కు కాదు మొర్రో అంటే వినే నాథుడు ఉండడు. హెడ్మాస్టరు ఒక ఏడాది ఓపిక పట్టాడు. రెండో ఏడాది, "మీకైతే ఓర్పు ఎక్కువమ్మా, మీరు చెప్తే వింటారు" అని ఆమెకు అంటగట్టి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆమెకు ఓర్పు ఎక్కువేమీ కాదు. కోపం మొహంలో కనబడదు, అంతే. ఆ సంగతి ఇంట్లో మొగుడికీ, అత్తగారికీ బాగా తెలుసు.

ఆమె చెప్పే పద్ధతి వేరు. తల్లిదండ్రులందరినీ వరండాలో ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టేది. కొందరు సిగ్గుపడేవాళ్లు, కొందరు మడమలు ఎత్తి పక్కవాడిని దాటాలని చూసేవాళ్లు. అప్పుడు మధ్యలో ఒకాయన భుజం తట్టి, మీకంటే పొట్టివాళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకోండి, మీ పాప కాగితం మీద ఉన్న అంకె అలాంటిది అనేది. అది మీ ఎత్తు కాదు, మీ వెనక నూటికి ఎంతమంది ఉన్నారన్నది మాత్రమే, పక్క వీధివాళ్లు వచ్చి నిలబడితే అంకె మారిపోతుంది, మీ ఎత్తు మారదు. ఈ ముక్క అర్థమయ్యాక సగం మంది కన్నీళ్లు ఆగిపోయేవి. మిగతా సగం మంది, అయితే మావాడి వెనక ఇంకా ఎక్కువమంది ఎందుకు లేరని కొత్త ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. వాళ్లను బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

ఆ తర్వాత అందరినీ కూర్చోబెట్టి తన నిమిషం పరీక్ష గురించి చెప్పేది. పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోతే కాసేపు చూస్తాం, తర్వాత మేమే ఆ మాట అందించి ముందుకు పొమ్మంటాం, ఆ ఒక్క మాటే తప్పు కింద పోతుంది, దానికి కంగారుపడి పిల్లను చావబాదకండి అనేది. ఏ సంవత్సరమూ దీని మీద ప్రశ్నలు వచ్చేవి కావు. ఈ ఏడాది ఒకటి వచ్చింది. వెనక వరస నుంచి ఒకాయన చెయ్యెత్తి, "రాని మాటని దాటేసి పోతే ఎన్ని పోతాయి టీచరమ్మా?" అని అడిగాడు. అప్పుడూ ఒకటే పోతుందని ఆమె చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపి కూర్చున్నాడు. ఇంత శ్రద్ధగా వినే తండ్రి దొరికాడని ఆమె సంబరపడింది కూడా.

ఆయన క్లచ్ మాస్టారు. ఊళ్లో డ్రైవింగు నేర్పుతాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా "క్లచ్, క్లచ్" అని అరవడం వల్ల ఆ పేరు వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు లైసెన్సు పరీక్షలో తప్పరని ప్రతీతి. ఎందుకు తప్పుతారు? ఇన్‌స్పెక్టరు ఏ మలుపులో రివర్సు వేయమంటాడో, ఏ ఎత్తు మీద బండి ఆపించి మళ్లీ కదిలించమంటాడో ఆయనకు కంఠతా వచ్చు. పరీక్ష జరిగే ఆ మైదానంలోనే, హద్దులకు పెట్టిన ఆ డ్రమ్ముల మధ్యే, అదే వరసలో నేర్చుకునేవాడి చేత తిప్పిందే తిప్పిస్తాడు. నిమిషం టీచరుకు లైసెన్సు ఇప్పించిందీ ఆయనే.

ఆయన ఒక్కగానొక్క కూతురు మూడో తరగతి. చదువులో కాస్త నెమ్మది. ఒత్తులున్న మాట కనబడితే దాని మీద వేలు పెట్టుకుని, విడివిడిగా కూడబలుక్కుని, చివరికి సాధించి నవ్వేది. మెట్ల కింద గదిలో టీచరుకు ఆ పిల్లంటే ప్రాణం. ఆ మాట పైకి అనేది కాదు గానీ, పిల్ల రాని రోజున పీరియడ్ చప్పగా ఉండేది.

టీచరు తల్లికి కంటి ఆపరేషన్ అయింది. దగ్గరుండాలి కదా అని సెలవు పెట్టింది. ఆ నెల నిమిషం పరీక్షలు కొత్తగా చేరిన కుర్ర టీచరు పెట్టింది. టీచరు తిరిగి వచ్చేసరికి క్లచ్ మాస్టారి కూతురు మెట్ల కింద గదిలో లేదు. పిల్ల లెక్క ఒక్కసారిగా గీత దాటి చాలా పైకి పోయింది, అందుకని మామూలు క్లాసుకి పంపేశామని చెప్పారు. మంచిదేగా అన్నారు అందరూ. టీచరుకు మాత్రం మింగుడుపడలేదు. పిల్ల నెల రోజుల్లో అంత పెరగదు. జుట్టు కూడా అంత పెరగదు.

మధ్యాహ్నం ఆ పిల్లను వరండాలో కూర్చోబెట్టుకుని ఒక పేజీ చేతికిచ్చింది. పిల్ల గుక్క తిప్పుకోకుండా చదివేసింది. చిన్న మాటలన్నీ టపటపా రాలిపోయాయి. ఒత్తులున్న మాట వచ్చిందంటే దాన్ని తొక్కుకుంటూ అవతలికి దూకింది. ఎక్కడా వేలు పెట్టలేదు, ఎక్కడా నవ్వలేదు.

"ఇంతకీ ఈ కథలో ఎవరున్నారమ్మా?" అని అడిగింది టీచరు.

"చూడ్డానికి టైముండదు టీచర్," అంది పిల్ల.

టీచరు ఆ పిల్ల తల నిమిరి క్లాసుకి పంపించింది. ఎక్కడ పప్పులో కాలేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. దాటేస్తే ఎన్ని పోతాయని అడిగిన తండ్రికి, వరండాలో నిలబడి, గొంతు సవరించుకుని మరీ జవాబు చెప్పింది తనే. ఆగితే నిమిషం కరిగిపోతుంది, దాటేస్తే ఒక్క మాటే పోతుందని ఆయన లెక్క కట్టుకున్నాడు.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తే ఆయన రూలు చెప్పాడు. లెక్కతో బయటికి వెళ్లిన పిల్ల లెక్కతోనే లోపలికి రావాలి. మళ్లీ ఒకసారి పరీక్ష పెట్టుకోండి, గీత కిందకి వస్తే తీసుకోండి, రాకపోతే లేదు. మెట్ల కింద గది మూడో తరగతి వరకే. ఈ టర్ము దాటితే ఆ పిల్లకు చదవడం కూర్చోబెట్టి నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. పెద్ద క్లాసుల్లో ఎవరి పుస్తకం వాళ్లు చదువుకోవాల్సిందే. కుర్ర టీచరు మెల్లగా, అంకె మనమే కాస్త తగ్గించి వేసేస్తే పోదా అంది. టీచరు ఆమె వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి కుర్ర టీచరు వారం రోజులు ఆమె పక్కన భోజనానికి కూర్చోలేదు.

సాయంత్రం బస్సెక్కి మైదానానికి వెళ్లింది. క్లచ్ మాస్టారు ఒక లావుపాటాయనను డ్రమ్ముల మధ్య వెనక్కి నడిపిస్తున్నాడు. టీచరును చూసి బండి దిగి వచ్చి, కూతురి సంగతి చెప్పి ఆకాశానికెత్తడానికే వచ్చిందనుకుని కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. పిల్లకు ఇంట్లో ఏం నేర్పారని అడిగింది. ఆయన దాచలేదు, దాచాల్సినదని ఆయనకు తోచనైనా లేదు. రోజూ పొద్దున్నే ఫోనులో టైము పెట్టి చదివించాడట. ఆగితే ఒప్పుకునేవాడు కాదట. రాని మాట వస్తే దాటేయ్, గేరు తగ్గించకు అని పక్కన కూర్చుని చెప్పేవాడట.

"నా చేతికొచ్చిన మనిషి పరీక్ష తప్పడం లేదండీ," అన్నాడు ఆయన గర్వంగా.

టీచరు నచ్చజెప్పబోయింది. ఇది పాసయ్యే పరీక్ష కాదు మాస్టారూ, మీ బండిలో పెట్రోలు ముల్లు లాంటిది, ఎంత ఉందో చూసుకోవడానికే ఉంది, వేలితో పైకి తోస్తే ట్యాంకు నిండదు, మళ్లీ పరీక్ష పెడతాను, ఆగి ఆగి చదవనివ్వండి, పిల్ల నా గదికి తిరిగి రావాలి అంది. ఆయన విన్నాడు, అర్థమైంది కూడా, మొహం మాత్రం మాడిపోయింది. ఆ గదిని పిల్లలు ఏమని పిలుస్తారో మీకు తెలుసా అని అడిగాడు. తెలుసు, మొద్దుల గది అంటారు. తాను కూడా చిన్నప్పుడు మొద్దు అనిపించుకుని గోడవారన కూర్చున్నవాడేనని, ఆరో తరగతిలో బడి మానేసింది అందుకేనని, తన కూతురు మళ్లీ ఆ గోడవారకి పోవడం తను చూడలేనని చెప్పాడు. చెబుతున్నంతసేపూ డ్రమ్ముల వైపే చూశాడు.

"ఇప్పుడు దానికి తక్కువ రావడానికి ట్రైనింగ్ ఇమ్మంటారా?" అన్నాడు.

టీచరుకి కోపం వచ్చింది. ఎప్పట్లాగే మొహంలో కనబడలేదు.

"మాస్టారూ, నాకు లైసెన్సు ఇప్పించింది మీరు. మొదటిసారికే పాసయ్యాను. మా ఇంట్లో కారుంది. నేనిక్కడికి బస్సులో వచ్చాను. ఎందుకంటే మీ డ్రమ్ములు లేని రోడ్డు మీద నాకు బండి తోలడం రాదు."

 లావుపాటాయన బండిలోంచి, వెనక్కి రానా వద్దా అని రెండోసారి అడిగితే, క్లచ్ మాస్టారు బండి ఆపేసి దిగమని చెయ్యి ఊపాడు.

పరీక్ష రోజున క్లచ్ మాస్టారు పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్ల కింద గదిలో చిన్న బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. టీచరు కొత్త పేజీ ఇచ్చి వాచీ నొక్కిందో లేదో పిల్ల లగెత్తింది. మొదటి వాక్యంలోనే రెండు మాటలు ఎగిరిపోయాయి. అవతల తండ్రి కూర్చున్నాడు కదా, ఆ పిల్లకు వేరే దారి తెలియదు. టీచరు వాచీ ఆపేసి, ఇంకో పేజీ ఇవ్వనా అనుకుంటోంది. ఎన్ని పేజీలు మార్చినా జరిగేది అదే.

అప్పుడు క్లచ్ మాస్టారు చెయ్యి చాచాడు.

"ఇంకో కథ ఇవ్వండి. ముందు నేను చదువుతా. నాక్కూడా టైము పెట్టండి."

టీచరు ఇంకో కాగితం ఇచ్చి వాచీ నొక్కింది. మేక ఒకటి బస్సెక్కిన కథ అది. ఆయనకు రోడ్డు పక్క బోర్డులు చదవడం తప్ప వేరే అలవాటు లేదు. వాక్యం మధ్యలో ఆగాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. కండక్టరు మేకను చూసి, నీ గమ్య... గమ్యస్... అని మాస్టారు అక్కడ చిక్కుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వేలు తెచ్చి ఆ మాట కింద పెట్టాడు. గమ్య, స్థా, నం అని విడదీసి, కలిపి, గమ్యస్థానం ఎక్కడ అని కండక్టరు మేకను అడిగాడని చదివి ఊపిరి వదిలాడు. నిమిషం అయిపోయింది. కథ కాగితంలో పావు వంతు కూడా దాటలేదు.

ఎంత వచ్చిందని అడిగాడు. టీచరు ఉన్నదున్నట్టు చెప్పింది. మూడో తరగతి గీతకు చాలా కిందన ఉంది.

పిల్ల నోరు తెరుచుకుని తండ్రినే చూస్తోంది. ఇంట్లో ఇంత తక్కువ తనకు ఎన్నడూ రాలేదు. వస్తే నాన్నకు ఎంత కోపం వస్తుందో తెలుసు. ఆయన మొహంలో ఆ కోపం కనిపించలేదు.

"మేక ఏం చెప్పింది నాన్నా?" అంది చివరికి.

"ఏమోనమ్మా. నా నిమిషం అక్కడికే అయిపోయింది. నువ్వు చదివి చెప్పు."

పిల్ల కాగితం తీసుకుంది. ఆ కింద భాగం ఎవరూ చదవలేదు కాబట్టి, లెక్క అక్కడి నుంచి మొదలుపెడితే తప్పులేదని టీచరు వాచీ నొక్కింది. పిల్ల నెమ్మదిగా చదివింది. రెండో వాక్యంలో ఒత్తుల మాట తగిలింది. పిల్ల ఆగి తండ్రి వైపు చూసింది. ఆయన ఎడమ కాలు క్లచ్ తొక్కినట్టు నేలను గట్టిగా అదిమింది. పెదవులు మాత్రం విడలేదు. పిల్ల వేలు వెళ్లి ఆ మాట మీద ఆనింది. ముక్కలు చేసి, అతికించి, సాధించింది. బస్సులో ఉన్నవాళ్లంతా మేకకు చోటిచ్చారని తెలిసి కిసుక్కున నవ్వింది.

వాచీ మోగింది. టీచరు లెక్క రాసింది. గీతకు కిందే ఉంది. చాలా కిందేమీ కాదు, తను సెలవు పెట్టక ముందు ఎక్కడుందో అక్కడే ఉంది.

"పోయిందా?" అని గుసగుసగా అడిగాడు క్లచ్ మాస్టారు.

"సీటొచ్చింది," అంది టీచరు.  ఈసారి ఆమె సంతోషం మొహంలో కూడా కనబడింది.

ఇక చాలమ్మా, టైమైపోయింది అని పిల్లకు చెప్పబోయింది. పిల్ల తలెత్తలేదు. మేక ఇంకా దిగలేదు, కండక్టరు ఇంకేదో అంటున్నాడు. వేలు మాట మీద నుంచి మాట మీదకు మెల్లగా జరుగుతోంది. టీచరు వాచీని సొరుగులో పడేసింది. క్లచ్ మాస్టారు బెంచీ మీద ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మేక ఎక్కడ దిగుతుందో వినడానికి కూర్చున్నాడు.