రాబర్టు, ఎర్రావు, నా బండి నంబరు

మిర్యాలగూడలోని ఒక జూనియర్ కాలేజీకి నేను ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాను. మొదటి మూడూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే నా పరువు పోయిన వైనం మీ ముందు పెడుతున్నాను. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి. మధ్యలో నవ్వినవాళ్లను నేను గుర్తుపెట్టుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సూర్యాపేటలో ఒక టిఫిన్ సెంటర్ మేడమీద స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాణ్ణి. కింద మిర్చి వేగితే పైన మా వ్యాకరణం దగ్గేది. ఆ రోజు ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం అని బోర్డు మీద రాశాను. సైదులు చెయ్యెత్తాడు. ఎమ్మే చదువుతూ నడిగూడెం నుంచి వచ్చే కుర్రాడు. వాడు చెయ్యెత్తితే నాకు జ్వరం వచ్చేది.

“సార్, సచ్చిపోతే బకెట్ ఎందుకు తన్నాలె?”

“అది వాళ్ల నానుడి.”

“మా తాత పోయినప్పుడు గూడ బాల్చీ తన్నిండనే అన్నరు సార్. మా ఇంట్ల అసలు బాల్చీయే లేదు. మనం వాళ్లకాడ నేర్సుకున్నమా, వాళ్లే మనకాడ నేర్సుకున్నరా?”

‘తెలియదు’ అంటే నాలుగక్షరాలు. కానీ క్లాసంతా నన్నే చూస్తోంది. ఆ వయసు మాస్టారికి ‘తెలియదు’ అనడం కంటే బకెట్ తన్నడమే సులువు.

“ఇంగ్లండులో రాబర్టు అని ఒక పాలవాడు ఉండేవాడు” అన్నాను. “ఆవును పితుకుతూ పితుకుతూ ప్రాణం విడిచాడు. కాలు తగిలి బకెట్ దొర్లింది. పాలు వీధిలోకి పారితేగాని ఊరికి సంగతి తెలియలేదు.”

“పాపం! ఏ సంవత్సరం సార్?”

కిటికీలోంచి కిందికి చూశాను. నా మోటారు సైకిలు కనిపించింది. నంబరు ప్లేటు చదివేశాను. “పదిహేడు వందల నలభై రెండు.”

“ఆవు రంగు?”

“ఎరుపు! ఇగ రాసుకోరా నాయనా.”

రాసుకున్నాడు. సైదులు చేతిరాత ముత్యాల్లా ఉండేది, అదే నా ఖర్మ. ఆ నోట్సు జిరాక్సై, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు పుట్టి, ఏడాది తిరక్కుండా కోదాడ బస్టాండు పక్క దుకాణంలో స్పైరల్ బైండింగుతో వేలాడుతూ కనిపించింది. కనీసం అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నేను పేచీ పెట్టుకున్నది వేరేదానికి.

“దీనిమీద నా పేరేదండీ?”

“తమరెవరండీ?”

“ఇందులో పాలవాణ్ణి పుట్టించింది నేనే.”

దుకాణదారుడు నన్ను ఎగాదిగా చూశాడు. “పాలవాడి నాన్నగారాండీ? కాస్త పక్కకి జరగండి, వెనకాల లైనుందండీ.”

ఆ మాట నేను మరువలేదు. మరిచిపోవడం మా వంశంలో లేదు.

కొన్నాళ్లకు మిర్యాలగూడలోని ఆ జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ప్రకటన పడింది. వస్తుందని నాకెంత ధీమా అంటే, సూర్యాపేటలో రాజీనామా పడేసి మరీ ఇంటర్వ్యూకు బండెక్కాను. ఈసారి నిఘంటువులు తిరగేసి వెళ్లాను. ప్రిన్సిపాల్ మేడం మొదటి ప్రశ్నే బకెట్ మీద పడింది.

“ఆ మాట ఎట్ల పుట్టింది సార్?”

“ఎవరూ గట్టిగా తేల్చలేదు మేడం. పందుల్ని కోసి వేలాడదీసే దూలాన్ని ఒకప్పుడు బకెట్ అనేవారని, వాటి కాళ్లు దానికి తగిలేవని కొందరి ఊహ.”

అంత నిజాయితీగా నేను జీవితంలో ఏ జవాబూ చెప్పలేదు. మేడం కళ్లద్దాలు తీసేశారు.

“పందులేంది? పాలాయన సంగతి తెల్వదా మీకు?” సొరుగులోంచి స్పైరల్ బైండింగు బయటికొచ్చింది. “రాబర్టు, ఎర్రావు, పదిహేడు వందల నలభై రెండు. మా ఫస్టియర్ పిల్లల్ని నిద్రల లేపి అడిగినా చెప్తరు.”

“మేడం, అది నేను అల్లిన కథ!”

“జర సదువుకున్నోళ్ల లెక్క మాట్లాడుండ్రి సార్.”

“ఆ సంవత్సరం నా బండి నంబరు! కావాలంటే కిందికొచ్చి చూడండి!”

వచ్చారు. వంగి, నంబరు ప్లేటు మీద దుమ్ము తుడిచి మరీ చదివారు. నేను కేసు గెలిచిన ప్లీడరులా చేతులు కట్టుకుని నిలబడ్డాను. మేడం మొహం మెత్తబడింది.

“అయ్యో సారూ! పాలాయన మీద గింత అభిమానమా? ఆయన పోయిన సంవత్సరాన్నే ఏరికోరి నంబరుగా తీసుకున్నరు. గంత అభిమానం పెట్టుకొని, ఇంటర్వ్యూల జవాబు ఎట్ల మర్చిపోయిన్రు?”

ఉద్యోగం సైదులుకు వచ్చింది. ఆవు రంగుతో సహా చెప్పాడట. “అంత మీ దయ సార్” అని ఫోన్ చేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా అబద్ధం రెండుచోట్లా గెలిచింది. నేను మాత్రం మళ్లీ ఆ మిర్చి ఘాటులోకి మెట్లెక్కాను.

ఇకమీదట ఎవరు ఏ నానుడి పుట్టుక అడిగినా ‘తెలియదు’ అనే చెబుతానని, ఆ బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. కాలేజీవారు దీన్ని నా పన్నెండో ఉత్తరంగా భావించాలి. ఉద్యోగం నాకు వద్దు. రాబర్టు నావాడా, కాదా? అవుననో కాదనో ఇప్పటికైనా ఎవరో ఒకరు జవాబివ్వండి. ‘తెలియదు’ అని మాత్రం రాయకండి.