పొడి మంచులో నా కుడి చెయ్యి

ఈ సంగతి నేను ఇంతకు ముందు నాలుగుసార్లు రాశాను. మమ్మల్ని జపాన్ పంపిన రంగుల కంపెనీకి రెండుసార్లు, టూరు నడిపిన బెంగళూరు ఏజెన్సీకి ఒకసారి, ఒక పత్రిక ఆరోగ్యం పేజీకి ఒకసారి. పత్రికవాళ్ళు ఫోన్ చేసి, "మన పాఠకులకు మంచు దెబ్బ ఎందుకండీ, వడదెబ్బ మీద ఏమైనా రాసి పంపండి" అన్నారు. మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా అనలేదు. ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసేవాడికి మంచులో వేళ్ళు పోయాయంటే వినేవాళ్ళకు ముందు నవ్వు వస్తుంది. నవ్వినవాళ్ళందరూ నాకు గుర్తున్నారు. అయినా ఐదోసారి రాస్తున్నాను.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. రంగు పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఈ పనిలో కుడి చెయ్యే అన్నీ. తొట్టిలో నీళ్ళు ఎంత వేడెక్కాయో చూడటానికి మేము థర్మామీటర్ వాడం. కుడి చేతి మూడు వేళ్ళు ముంచి తీస్తాం. ఎడమ చెయ్యి రంగు తొట్టిలో పెట్టడం మా ఇంట్లో తప్పు. చిన్నప్పుడు ఒకసారి పెడితే నాయన వీపు మీద చరిచినాడు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పెట్టలేదు.

మేము రంగులు కొనే కంపెనీ, ఎక్కువ సరుకు తీసుకునేవాళ్ళను ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతుంది. ఆ ఫిబ్రవరిలో జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో అన్నారు. పన్నెండు మందిమి. మా వైపు నుంచి నేను, గోరంట్లలో రంగుల దుకాణం పెట్టుకున్న గోవిందప్ప. ఏజెన్సీ తరఫున మమ్మల్ని నడిపించినవాడు కిరణ్ అని ముప్పై ఏళ్ళ మనిషి. కార్యక్రమం కాగితం మీద మూడోరోజు దగ్గర 'బ్యాక్‌కంట్రీ స్కీయింగ్' అని ఉంటే, అదేమిటని అడిగాను.

"ఊరి బయట అడవి చూపిస్తారన్నా, ఏం లేదు" అన్నాడు కిరణ్.

నాకు తరువాత తెలిసింది. రిసార్టు తాళ్ళు కట్టి, చదును చేసి, కాపలా పెట్టిన చోటు దాటి, ఎవరూ తొక్కని కొండ మీద స్కీయింగ్ చేయడాన్ని అలా అంటారు. ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవాళ్ళు చేసే పని అది.

మొదటి రెండు రోజులు హోటలు పక్కనే, పిల్లలు నేర్చుకునే వాలు మీద నేర్పించారు. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులు సంతోషంగానే గడిచాయి. అక్కడి మంచు తడి మంచు కాదు. పిడికిట పట్టి వదిలితే గోధుమపిండి జారినట్టు జారిపోతుంది, ఉండ కట్టదు. దానికోసమే ప్రపంచం నలుమూలల నుంచి వస్తారట. పడినా దెబ్బ తగలదు. గోవిందప్ప పడితే లేచేవాడు కాదు. "ఉండనీప్పా. మావూర్లో ఇంత మెత్తని పరుపు యాడుండాది?" అని పడుకునే మాట్లాడేవాడు.

మూడోరోజు పొద్దున బస్సులో అరగంట తీసుకుపోయి కొండ కింద దించారు. గైడు ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది. బూట్లకు బిగించే పొడుగు పలకలు, అవే స్కీలు, వాటి అడుగున ఒక రకం గుడ్డ అంటించారు. దాని నూగు ఒక వైపుకే వాలి ఉంటుంది కాబట్టి ఎక్కేటప్పుడు వెనక్కి జారదు. అలా గంటన్నర ఎక్కాం, కిరణ్ కూడా మాతోనే. పైకి పోయేకొద్దీ గాలి లేచింది. పైనుంచి దిగడం మొదలుపెట్టగానే గోవిందప్ప స్కీ ఊడింది. బూటు బిగించే చోట మంచు గట్టిపడి కూర్చుంది. గైడు, కిరణ్ ముందు ఉన్నారు, ఆఖరున మేమిద్దరం. గ్లౌజుతో ఆ మంచు రాలేదు. నేను కుడి చేతి గ్లౌజు తీసి పక్కన పెట్టి వేళ్ళతో తవ్వాను. గ్లౌజును గాలి లాక్కుపోయింది. వాలు మీద జారుతూ చెట్ల మధ్యకు పోవడం చూశాను.

పావుగంట తవ్వి ఉంటాను. మొదట వేళ్ళు సూదులతో పొడిచినట్టు నొప్పి పెట్టాయి. తరువాత నొప్పి పోయింది. చెయ్యి చలికి అలవాటుపడిందని సంతోషించాను. ఈ జబ్బులో నొప్పి పోవడమే చెడ్డ గుర్తు. ఆ మాట నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

గైడు వెనక్కి వచ్చి, నా చెయ్యి చూసి, తన సంచిలోంచి ఇంకో గ్లౌజు తీసి తొడిగింది. కానీ మాకు స్కీయింగ్ రాదు కదా. నలభై నిమిషాల్లో దిగాల్సిన కొండ రెండు గంటలు పట్టింది. పడినప్పుడల్లా చెయ్యి మంచులో కూరుకుపోయేది.

హోటలుకు వచ్చి గ్లౌజు తీస్తే చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు రెండో కణుపు దాకా తెల్లగా ఉన్నాయి. బల్లకు తాకిస్తే కట్టె తాకిన చప్పుడు.

"ఏమప్పా, సుద్దముక్కల మాదిరి అయినాయే" అన్నాడు గోవిందప్ప. "బోర్డు మీద రాస్తాయేమో చూడు."

గైడు కిరణ్‌కు ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. వేళ్ళు చూపించి చెప్పింది, గడియారం చూపించి చెప్పింది. కిరణ్ తల ఊపుతూ విన్నాడు. ఆమె పోయాక నా వైపు తిరిగి, "వేడినీళ్ళల్లో పెట్టుకోండన్నా, సరిపోతాది. రేపు ఏడుకే బస్సు, అందరూ రెడీగా ఉండల్ల" అన్నాడు.

"ఆయమ్మ అంతసేపు చెప్పింది ఇంతేనా?" అన్నాను.

"ఇంతే అన్నా. వాళ్ళు ప్రతిదానికీ భయపడతారు."

గదిలో సింకు నింపాను. అలవాటు ప్రకారం కుడి చెయ్యి ముంచి చూశాను. నీళ్ళు చల్లగానే ఉన్నట్టనిపించింది. కెటిల్‌లో నీళ్ళు కాచి పోశాను. మళ్ళీ ముంచాను, చల్లగానే ఉన్నాయి. ఇంకో కెటిల్ పోశాను. గడ్డకట్టిన వేళ్ళకు వేడి ఎలా తెలుస్తుంది? ఎడమ చేతి చిటికెనవేలు ముంచి ఉంటే తెలిసేది. గోవిందప్ప పక్కనే మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు, వాడు ముంచినా తెలిసేది. నీళ్ళ వేడి గురించి నాకు ఇంకొకరు చెప్పడమేమిటని నేను అడగలేదు. ఈ తప్పు నాది. దీన్ని ఎవరి మీదా వేయను.

ఇరవై నిమిషాలకు నొప్పి మొదలైంది. అలాంటి నొప్పి అంతకు ముందు ఎరగను. తెల్లవారేసరికి వేళ్ళు మూడింతలు వాచి, పెద్ద పెద్ద బొబ్బలు లేచాయి. కొన్నింట్లో నీరు, కొన్నింట్లో నల్లటి రక్తం. అప్పుడు కూడా కిరణ్ బస్సు సంగతే మాట్లాడాడు. హోటలువాళ్ళే వేరే కారు పిలిచి నన్ను నగరంలో ఆసుపత్రికి పంపారు. గోవిందప్ప బస్సు దిగి నాతో వచ్చాడు. ఆ మాట కూడా గుర్తుంచుకున్నాను.

అక్కడి డాక్టరు ఫోనులో తన భాషలో మాట్లాడితే ఫోను దాన్ని తెలుగులో పలికేది. ఫ్రాస్ట్‌బైట్, అంటే మంచు దెబ్బ, దాని మీద వేడినీళ్ళకు కాలిన సెకండ్ డిగ్రీ బర్న్స్ అని చెప్పాడు. "ఈ వేడినీళ్ళు ఎవరు కలిపారు?" అని అడిగాడు. నేనే అన్నాను. ఆయన అది రాసుకున్నాడు. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు, డ్రెస్సింగ్ మొదలుపెట్టారు. "వేళ్ళు దక్కుతాయా?" అంటే, "ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, తొందరపడి ఎవరినీ కోయనివ్వకండి" అని వచ్చింది జవాబు. వారం తరువాత కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి ఇచ్చారు.

ఇంటికి వచ్చాక డ్రెస్సింగ్ కోసం అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. అక్కడి చిన్న డాక్టరు చెయ్యి చూడకముందే "షుగర్ ఎన్నేళ్ళుగా?" అన్నాడు.

"షుగర్ లేదు సార్. మంచులో గడ్డకట్టినాయి."

"మంచా? యాడ?"

"జపాన్‌లో."

అతను నర్సు వైపు చూసి నవ్వాడు. కేస్ షీట్ మీద 'డై వర్కర్, కెమికల్ బర్న్స్' అని రాశాడు. కొట్టేసి సరిగా రాయమన్నాను. పెద్ద డాక్టరు వచ్చాక చూద్దామన్నాడు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆ బల్ల ముందే కూర్చున్నాను. పెద్ద డాక్టరు వచ్చి, కవరులో కాగితాలు చూసి, తన చేత్తో 'ఫ్రాస్ట్‌బైట్' అని రాసి, బెంగళూరులో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపాడు.

బెంగళూరులో వేళ్ళలో రక్తం ఎంతవరకు పారుతోందో చూడటానికి డాప్లర్, బోన్ స్కాన్ చేశారు. అప్పటికి వేళ్ళ చివర్లు నల్లబడి ఎండిపోతున్నాయి. సర్జన్ బొమ్మ గీసి చెప్పాడు. "బతికిన కండ, చచ్చిన కండ వాటంతట అవే విడిపోతాయి. డిమార్కేషన్ అంటాం. ఆ గీత వచ్చేదాకా నేను ముట్టను. రెండు నెలలు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. పొడిగా ఉంచండి."

మార్చి, ఏప్రిల్ అలా గడిచాయి. ఊరంతా ఎండకు మాడుతుంటే నేను చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నాను. రోజూ నా భార్య సరళ కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టేది. పలకరించడానికి వచ్చినవాళ్ళకు ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేవాడిని. ఒకరోజు వాళ్ళు పోయాక సరళ అంది. "కాలింది అని చెప్పగూడదా? అయిపోతాది. వచ్చినోళ్ళందరికీ జపాన్ కథ యాల?"

"కాలలేదు. గడ్డకట్టినాయి."

"రెండూ అయినాయి గదా."

ఆమె నీళ్ళు తెచ్చి కట్టు విప్పడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ ఆఖరులో నడిమివేలు దగ్గర తడి కనిపించింది. మరుసటి రోజుకు వాసన, చలిజ్వరం. పొడిగా ఉండాల్సినది చీము పట్టి కుళ్ళి, వెట్ గాంగ్రీన్ అయిందన్నారు. బెంగళూరులో పది రోజులు ఐవీ యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఇన్‌ఫెక్షన్ పైకి పాకితే అరచెయ్యి కూడా పోవచ్చని సర్జన్ సరళతో చెప్పాడు. నాతో చెప్పలేదు. ఆమె ముఖం చూసి తెలుసుకున్నాను. మే నెలలో చూపుడువేలు, నడిమివేలు రెండో కణుపు దగ్గర, ఉంగరపువేలు మొదటి కణుపు దగ్గర తీసేశారు.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. లేని వేళ్ళు నొప్పి పెడతాయి. గ్యాబాపెంటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఏసీ గదిలో ఐదు నిమిషాలు కూర్చోలేను. ఫ్రిజ్‌లో నీళ్ళ సీసా ఆ చేత్తో పట్టుకోలేను. తడి నూలు కట్టను మెలితిప్పి పిండే పట్టు పోయింది. ఆ పని సరళ, ఇద్దరు కూలివాళ్ళు చేస్తున్నారు. నేను పక్కన నిలబడి రంగు ముదిరిందో లేదో కంటితో చూసి చెబుతాను. పని ఆగలేదు. కానీ తొట్టి దగ్గర నా చోటు పోయింది.

ఎవరైనా మంచు ప్రాంతానికి పోతే ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వేలు తెల్లబడి స్పర్శ పోతే రుద్దవద్దు, నిప్పు దగ్గర పెట్టవద్దు, వేడినీళ్ళు మీరే చూసుకోవద్దు. బాగున్న మనిషి మోచెయ్యి ముంచి, గోరువెచ్చగా ఉన్నాయని చెప్పిన నీళ్ళలోనే పెట్టి, వెంటనే ఆసుపత్రికి పోండి. అలా చేసి ఉంటే కొంతైనా దక్కేదని సర్జన్ నాతోనే అన్నాడు.

ఇక మిగిలిన మాట. వికలాంగుల సర్టిఫికెట్ కోసం పోయిన నెల సర్జన్ నా కాగితాలు ముందేసుకుని, జపాన్ కవరులో అడుగున ఉన్న రెండు షీట్లు తీశాడు. "మీరు స్కీయింగ్ ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?" అని అడిగాడు.

"రెండు రోజులు సార్."

"ఇందులో మూడు సీజన్లు అని ఉందే. మీ సంతకం ఉంది."

ఆ సంతకం నాదే. విమానాశ్రయం నుంచి హోటలుకు పోయేటప్పుడు బస్సులో కిరణ్ ఖాళీ ఫారాలు పంచి, కింద సంతకాలు పెట్టమన్నాడు. పన్నెండు మందిమీ పెట్టాం. పైన నింపిన రాత నాది కాదు. నాకు ఇంగ్లీషులో పేరు తప్ప రాయడం రాదు. రెండో షీటు, ఆ ఫారంతో పాటు గైడు జపాన్ ఆసుపత్రికి పంపిన రిపోర్టు. డాక్టరు చదివి అర్థం చెప్పాడు. కొండ ఎక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే ఆమెకు అనుమానం వచ్చింది. వీళ్ళకు నిజంగా అనుభవం ఉందా, లేకపోతే ఇప్పుడే తిరిగి పోదామా అని గ్రూపు నాయకుడిని, అంటే కిరణ్‌ను అడిగింది. అనుభవం ఉంది, పైకే పోదాం అని అతను చెప్పాడు.

పరిహారం నేను అడగలేదు, అడగను. కిరణ్, నీకు నా నంబరు తెలుసు, ఇల్లు తెలుసు. నీ ఏజెన్సీకి రాసిన ఉత్తరం నీకు అందిందని నీతో పనిచేసే మనిషే గోవిందప్పతో చెప్పాడు. పన్నెండు మందిమి నీ కళ్ళ ముందే పడుతూ లేస్తూ ఉన్నాం. అప్పటికి నా చేతికి గ్లౌజు ఉంది. తిరిగి పోదామా అని ఆమె అడిగినప్పుడు నువ్వు వద్దని ఎందుకన్నావు? జవాబు చెప్పు.