గుండయ్య ప్యాంటు సంచి

నీలమ్మ సంచి పట్టుకొని గల్లీలోకి దిగిందంటే ఫలక్‌నుమా స్టేషన్లో కదలబోతున్న రైలు కూడా ఆగుతుందనీ, డ్రైవరు కిందికి దిగి ఆ సంచిలో పిడికెడు బియ్యం పోసి, "పోయొస్తనమ్మా" అని చెప్పి మరీ బండెక్కుతాడనీ స్వీటీ మైకులో చెప్పింది. ఒట్టు అని కూడా అంది. చర్చిలో ఒట్లు పెట్టుకోకూడదని గుర్తుచేస్తూ ముందు వరుసలో సంఘపెద్ద వైకుంఠం గట్టిగా దగ్గాడు.

ఆ ఆదివారం స్వీటీ వాళ్ల నానమ్మ నీలమ్మకు సన్మానం. ఎనభై నిండాయి. మనవరాలిని నాలుగు మంచి మాటలు చెప్పమని కొత్త పాస్టరు డానియేలు అడిగాడు. ఇంటర్ మధ్యలో వదిలేసి సంతోష్‌నగర్లో బ్యూటీ పార్లర్లో పనిచేస్తూ, రాత్రికి బండి మీది నూడుల్స్ తిని పడుకునే స్వీటీకి మంచి మాటలు చేతకావు. ఉన్న మాటకే కాస్త మసాలా దట్టిస్తుంది.

సంచి సంగతి మాత్రం మసాలా కాదు. ఆ సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా దేవుని పేర ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. శనివారం నీలమ్మ ఇంటింటికీ తిరిగి వాటిని పోయించుకొస్తుంది. గల్లీ పిల్లలు ఆమెను చావల్ దాదీ, అంటే బియ్యం నానమ్మ, అంటారు. ఆ సంచి ఆమె మొగుడు గుండయ్య ఖాకీ ప్యాంటు కాలితో కుట్టింది. రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేసి, ముగ్గురు పిల్లల్ని ఆమె మీద వదిలి చనిపోయిన మనిషి మిగిల్చిన ఆస్తి అది.

"దేవుని బియ్యం తాత ప్యాంట్ల పోస్తవా నానమ్మా, కోపం రాదా?" అని స్వీటీ ఏడిపించేది.

"ఎవ్వలికి, దేవునికా? మీ తాతకా? మీ తాతకైతే వచ్చినా ఫికర్ లేదు."

ఆరాధన అయ్యాక నీలమ్మ వెనక వసారాలో సంచి పెట్టి, గుమ్మంలో అటు తిరిగి నిలబడుతుంది. లేనివాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఎవరు తీసుకున్నారో ఆమె ఏనాడూ తల తిప్పి చూడలేదు.

ఆ రోజు బియ్యం పంచడం అయ్యాక ఖాళీ సంచిని వైకుంఠం మడిచి తన కుర్చీ పక్కన పెట్టుకున్నాడు. డానియేలు శాలువా కప్పాడు. చప్పట్లు ఆగకముందే మైకు అందుకున్నాడు.

"మన నీలమ్మగారు ఇక విశ్రాంతి తీసుకుంటారు. వచ్చే వారం నుంచి బియ్యం వద్దు. పది రకాలు కలిసి పురుగు పడుతోంది. ఫోన్లో స్కాన్ చేసి తోచినంత వేయండి. వేసినవాళ్ల పేర్లు తెర మీద చూపిస్తాం. అందరికీ ప్రోత్సాహంగా ఉంటుంది."

శాలువా కప్పింది సంచి గుంజుకోవడానికని స్వీటీకి అప్పుడు వెలిగింది. పైగా తన నోటితోనే పొగిడించి మరీ. చెవులు భగ్గుమన్నాయి. నోరు తెరిచేలోగా నీలమ్మే లేచింది. శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, పాస్టరు భుజం మీద వేసింది.

"గిది నువ్వే కప్పుకో అయ్యా. నా సంచి నాకియ్యి."

"అమ్మా, మీ మోకాళ్ల నొప్పుల కోసమే..."

"నా మోకాళ్లు వచ్చి నీకు చెప్పినయా?" నవ్వబోయినవాళ్లు ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. "ఫోన్ లేని ముసల్ది ఏం జెయ్యాలె? తెర మీద పేరు రాకుంటే ఇయ్యనట్టేనా? సంచిల పేరుండది. ఎవలు పోసిన్రో, ఎవలు ఎత్తుకపోయిన్రో దేవునికే ఎర్క. మా ఆయన సచ్చిన ఏడు గీ వసారాల కెల్లే బియ్యం తీసుకపోయి పిల్లలకు వండిన. గప్పుడు గుమ్మంల నిలవడ్డామె ఎనకకు తిరిగి చూడలే. చూసుంటే నేను మళ్ల గీ మెట్టు ఎక్కకపోయేదాన్ని. స్టేషన్ల ఊడ్చే నౌకరి దొరికినంక ఆమె చేతుల కెల్లి సంచి నేనందుకున్న. అసొంటిది నువ్వొచ్చి బంద్ పెడ్తవా?"

ఈ మాట స్వీటీ ఎన్నడూ వినలేదు. పక్కనున్న తండ్రికీ కొత్తేనేమో, నేల చూస్తూ కూర్చున్నాడు.

డానియేలు గొంతు తగ్గింది. "సరే అమ్మా, ఉంచుదాం. కానీ మీ తర్వాత మోసేదెవరు?"

ఒక్కరూ లేవలేదు. నిన్నటిదాకా "మా నీలమ్మ, మా నీలమ్మ" అన్న ఆడవాళ్లు పాటల పుస్తకాలు తిరగేస్తున్నారు. పాస్టరు మీది కోపం కన్నా వాళ్ల మీది కోపమే స్వీటీకి ఎక్కువ మండింది. పోయి వైకుంఠం కుర్చీ పక్కన మడిచి పెట్టిన సంచి లాక్కుంది.

"నేను మోస్త. శనివారం డబ్బాలు తీసి పెట్టున్రి. లేకుంటే ఇంటి ముంగట నిలవడి లొల్లి చేస్త."

ఇంటి దారిలో నీలమ్మ ముందు నడుస్తోంది. సంచి భుజాన వేసుకొని వెనకే నడుస్తున్న స్వీటీకి ఉడుకు తగ్గలేదు.

"ఏంది నానమ్మా, గంతమందిల నీ సంచి నిలవెట్టిన. మంచిగ చేసినవ్ బిడ్డా అని ఒక్క మాట రాదా నోట్లకెల్లి?"

నీలమ్మ ఆగి, వెనక్కి తిరిగి, మనవరాలిని కింది నుంచి మీదికి చూసింది.

"పిడికెడు తియ్యాలంటే ముందుగాల ఎసరు పెట్టాలె. నువ్వు ఎన్నడన్న పొయ్యి ముట్టిచ్చినవానే?"