ఉప్పుగుట్ట కింద కూర్మయ్య బావ

మా కూర్మయ్య బావ మిలిటరీలో చాలాకాలం మంచుకొండల మీద చేశాడు. అక్కడ ఆయన తుపాకీ పేల్చినదాని కన్నా కొండను అనుమానించిందే ఎక్కువ. జవాన్లు ఒక వాలు దాటాలంటే ముందు ఈయన వెళ్లి మంచులో గొయ్యి తవ్వి పొరలు చూడాలి. కిందిది పంచదారలా రాలిపోతూ, పైది పెచ్చులా గట్టిగా ఉంటే ఆ వాలు జోలికి పోకూడదు. అడుగు వేసినప్పుడు లోపల ‘డబ్’ మందంటే ఇక చెప్పనే అక్కర్లేదు, పై పొర జారి మనుషుల్ని కప్పేస్తుంది.

రిటైరై మా ఊరు నౌపడ వచ్చాక కూడా అనుమానం తగ్గలేదు. మా అక్క తాయారు అన్నం కుప్పగా వడ్డించి పప్పు పోయబోతే, “ఆగే, పైన పోస్తే జారతాది. ముందు గుంట సెయ్యి” అనేవాడు.

అలాంటి మనిషికి ఉప్పుమడుల దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. నేనక్కడే కాటా దగ్గర గుమాస్తాను. మొదటిరోజు తెల్లటి ఉప్పుగుట్టల్ని చూసి బావ మొహం ఎలా వెలిగిందో నేను కళ్లారా చూశాను.

2015 వేసవిలో అకాల వాన ఒకటి పడి, పెద్దగుట్ట పైన ఉప్పు పెచ్చు కట్టింది. ఆ పెచ్చు మీదే మళ్లీ కొత్త ఉప్పు పోశారు. కిందేమో బస్తాలకు ఎత్తేవాళ్లు గుట్ట పాదాన్ని గుహలా తొలిచేశారు. ఉప్పు మోసే ఆడవాళ్లు మధ్యాహ్నం ఆ గుహ నీడలోనే కూర్చుని క్యారేజీలు విప్పేవారు.

“ఒసే, లెగండి. ఇది జారిపోతాది” అన్నాడు బావ.

ఆ ముఠాలో పెద్దనోరు చిన్నతల్లిది. “జారితే ఏటవుతాది మావా? కూరలోకి పనికొస్తాది.”

“కూరలోకి కాదే, మిమ్మల్నే ఊరగాయ పెట్టేస్తాది! ఆ మోటారు షెడ్డులో తినకూడదేటి?”

“అక్కడ ఆయిలు కంపు. అన్నం సయించదు.”

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. ఎప్పుడో ఒక కొండ కింద టీ తాగడానికి కూర్చున్నవాళ్లకు ఇలాగే చెప్పాడట. వాళ్లూ నవ్వారట. ఆ తర్వాతి సంగతి మా అక్కకు కూడా చెప్పలేదు.

మర్నాడు బావ మిలిటరీ బూట్లు, నల్లకళ్లద్దాలు, గళ్ల లుంగీతో దిగాడు. భుజాన పార. వెనక నేల మీద ఈడ్చుకుంటూ పొడుగాటి ఎర్రతాడు.

“ఏటి మావా, తోక మొలిసినాది?” అంది చిన్నతల్లి.

“మంచులో మనిషి కూరుకుపోయినా తాడు పైన కనిపిస్తాది. దాని ఎంట తవ్వుకుంటూ వస్తారు. నవ్వకు.”

మిలిటరీలో ఆ తాడు బెల్టుకు కట్టేవారట. లుంగీకి బెల్టెక్కడిది? ముడికే కట్టేశాడు.

“గుట్టను నిలువుగా కోసి, పారతో తట్టి సూపిస్తాను. అందరూ దూరంగా ఎల్లండి. ఒక్కరూ అరవకూడదు” అన్నాడు. వేడుక చూడొచ్చని ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని మరీ ఎండలోకి వచ్చి నిలబడ్డారు. బావ కోశాడు. తట్టాడు. మళ్లీ తట్టాడు. లోపల ‘డబ్’ మంది.

“ఇన్నారా? ఇదే గురుతు!” అని ఆనందంగా ఇటు తిరిగాడు.

పై పొర మొత్తం తివాచీలా జారింది. ఉప్పుపొగ తగ్గేసరికి బావ ఛాతీదాకా కూరుకుపోయి ఉన్నాడు. కళ్లద్దాలు నెత్తి మీదకు పోయాయి. “సెప్పానా? సెప్పానా?” అంటున్నాడు.

“ఓలమ్మో!” అంటూ అందరం పరిగెత్తాం. చేతులతో తవ్వి, రెక్కలు పట్టుకుని లాగాం. నడుందాకా వచ్చాక, “ఆపండే! ఆపండి!” అని గావుకేక పెట్టాడు. ఒకటి జారితే వెనకే ఇంకోటి జారుతుందని ఆయనే రోజూ చెప్పేవాడు కదా, అందరం వదిలేసి పారిపోయాం.

రెండోది ఏదీ రాలేదు. బావ మాత్రం నడుందాకా ఉప్పులో కూర్చుని, “నాకిక్కడ బాగానే ఉన్నాది. మీరు పనికి పొండి” అంటున్నాడు. ఒళ్లంతా మంటెక్కి మొహం మిరపపండైపోయింది. అయినా కదలడు.

అంతలో అన్నం క్యారేజీతో మా అక్క వచ్చింది. బావ ఆమె చెవిలో ఏదో చెప్పాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. తర్వాత మమ్మల్నందర్నీ అటు తిరగమని, తన నెత్తి మీది తువ్వాలు ఆయనకిచ్చింది. తువ్వాలు కట్టుకుని బావ బయటపడ్డాక ఉప్పు మీద మిగిలిన ఎర్రతాడు కొస పట్టుకుని లాగింది. తాడు చివర గళ్ల లుంగీ వచ్చింది.

“నీ తాడు మా బాగా పని సేసినాదయ్యా” అంది.

మర్నాటి నుంచి ఆడవాళ్లు మోటారు షెడ్డులోనే క్యారేజీలు విప్పారు. “ఆయిలు కంపో?” అని అడిగాను.

“ఉంటే ఉన్నాది. మావ లుంగీ ఊడిన సోట అన్నమెలా సయిస్తాది?” అంది చిన్నతల్లి.

ఆ మాట బావకూ వినబడింది. కోపం వస్తుందనుకున్నాను. ఖాళీగా ఉన్న గుట్ట నీడ వైపు, షెడ్డు వైపు చూసి, హాయిగా బీడీ వెలిగించుకున్నాడు. తాడు అలాగే ఉంది. లుంగీ పోయి ప్యాంటు వచ్చింది, దాని మీద వెడల్పాటి బెల్టు.